పరదేశంలో చట్టం, హక్కులు: శ్రీకాకుళం, విజయనగరం వలసలు

ఒక దేశంలో నివసిస్తూ ఆ దేశ పౌరసత్వం లేని మనిషిని అక్కడి చట్టం విదేశీయుడంటుంది. అతనికి హక్కులు కొన్నే ఉంటాయి. బాధ్యతలు మాత్రం దాదాపు అన్నీ ఉంటాయి. చట్టం తెలియదంటే ఏ కోర్టూ వదిలిపెట్టదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. నూరేళ్ళకు పైగా ఈ తీరం నుంచి కూలికి, చేపలవేటకు, వెల్డింగు పనికి ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతూనే ఉన్నాయి. తాతలు రంగం పోయారు, మనవలు గల్ఫ్ పోతున్నారు. దేశాలు మారినా ఒకటి మాత్రం మారలేదు. చట్టంలో హక్కు లేకపోవడం వల్ల నష్టపోయినవాళ్ళ కంటే, ఉన్న హక్కును రుజువు చేసే కాగితం తమ దగ్గర లేక నష్టపోయినవాళ్ళే ఎక్కువ.

రంగం రోజులు

రంగం అంటే రంగూన్. బ్రిటిషు కాలంలో అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల కూలీలు కళింగపట్నం, బారువ, విశాఖపట్నం రేవుల్లో ఓడలెక్కి బర్మాకు వెళ్ళేవారు. అక్కడ ధాన్యం మిల్లుల్లోనూ, రేవులోనూ, రిక్షాల దగ్గరా వాళ్ళే పనివాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో వాళ్ళను కోరంగీలనేవారు. పోనుపోను అది తిట్టుగా మారింది.

కూలీని తీసుకువెళ్ళేది మేస్త్రీ. ఓడ ఛార్జీ, ఇంటి దగ్గర అడ్వాన్సు అతనే ఇచ్చి, జీతంలోంచి మినహాయించుకునేవాడు. లెక్క అతని పుస్తకంలోనే ఉండేది. ఇక్కడ చట్టంలో ఒక వింత మెలిక ఉంది. 1922 నాటి భారత వలస చట్టం సిలోన్, మలయా వెళ్ళే కూలీలకు ఎంతో కొంత రక్షణ కల్పించింది. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి, బర్మా వెళ్ళేవాడు చట్టం దృష్టిలో వలసదారు కాడు. సముద్రం దాటినా దేశం దాటనట్టే లెక్క. అందువల్ల ఆ రక్షణ అతనికి అందలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి రాగానే అల్లర్లు రేగాయి. నూరు మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది భారతీయులే.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. ముందురోజు రాత్రి సొంత దేశంలో పడుకున్న కూలీ తెల్లారేసరికి పరాయి గడ్డ మీద లేచాడు. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం పాస్‌పోర్టులు, పర్మిట్ల పద్ధతి తెచ్చింది. అది సరిగా అమలయ్యేలోపే, ఆ డిసెంబరు 23న జపాను రంగూన్ మీద బాంబులు వేసింది. 1942లో లక్షలాది మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు.

యుద్ధం తర్వాత వెనక్కి వెళ్ళినవాళ్ళున్నారు. 1948లో స్వతంత్ర బర్మా, గడచిన పదేళ్ళలో ఎనిమిదేళ్ళయినా అక్కడే ఉన్నవాళ్ళు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చంది. ఎనిమిదేళ్ళు ఉన్నామని చెప్పడం ఎవరికైనా తేలికే. రుజువు చేయడమే కష్టం. మేస్త్రీ పుస్తకంలో పేరున్నంత మాత్రాన ప్రభుత్వం ఒప్పుకోదు. అలా గడువు జారవిడుచుకున్నవాళ్ళు విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డుతో మిగిలారు. 1962లో సైనిక పాలన వచ్చి, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేయడం మొదలయ్యాక, ఆ కార్డున్నవాళ్ళే ముందుగా ఓడలెక్కాల్సి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా తిరిగొచ్చినవాళ్ళ గుర్తుగా నిలిచింది.

గల్ఫ్: బయల్దేరక ముందే మొదలయ్యే చట్టం

ఉద్దానం పేరు చెబితే కొబ్బరి, జీడి గుర్తుకొస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటికొక వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో ఉన్న వీధులూ ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పులవాడు అన్నేళ్ళు ఆగడు.

గల్ఫ్ వెళ్ళేవాడికి ముందుగా వర్తించేది మన దేశపు చట్టమే. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరు చేసుకుని ఉండాలి. అతను కార్మికుడి దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, ఆ పైన జీఎస్టీ. దానికి రశీదు ఇచ్చి తీరాలి. ఊళ్ళో నడిచే లెక్క వేరు. వీసా డబ్బులు, మెడికల్ ఖర్చు, టికెట్టు అంటూ లక్షల్లో వసూలు చేసేది చాలాసార్లు రిజిస్టరైన ఏజెంటు కాదు, అతని పేరు చెప్పుకునే సబ్ ఏజెంటు. సబ్ ఏజెంటు అనే మనిషికి ఈ చట్టంలో చోటే లేదు. రశీదూ ఉండదు. ఈ చట్టం కింద సాధారణ నేరానికి శిక్ష రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. ఆ రెండు వేలు 1983లో రాసిన అంకె. ఒక్క బాధితుడి దగ్గర గుంజిన సొమ్ములో అది కాఫీ ఖర్చు.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేసియా, జోర్డాన్, లెబనాన్, ఇరాక్, లిబియా వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వీళ్ళకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. దీన్ని ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఇస్తారు. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పనిలో చేరదామనుకునేవాడు ఈ అనుమతిని తప్పించుకున్నాననుకుంటాడు. తప్పిపోయింది బీమా, రిజిస్టరైన ఒప్పందం కూడా.

ఈ ఏర్పాటులో పెద్ద చిల్లు ఒకటుంది. అది 2024 మేలో బయటపడింది. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు ఉత్తరాంధ్ర కుర్రాళ్ళను కంబోడియాకు పంపారనీ, అక్కడ వాళ్ళచేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారనీ విశాఖ పోలీసులు తేల్చారు. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. వెళ్ళినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. అంటే రెండు విధాలా అనుమతి అక్కర్లేదు. చదువు లేనివాడే మోసపోతాడన్న పాత నమ్మకంతో అల్లిన రక్షణ వల ఈ అనుమతి. చదువుకున్నవాడు అందులోంచి నేరుగా జారిపోయాడు.

కఫీల్, ఇఖామా, ఖల్లివల్లి

గల్ఫ్‌లో విదేశీ కార్మికుడి నివాసం ఒక యజమాని పూచీ మీద నిలబడుతుంది. ఆ యజమానిని కఫీల్ అంటారు, ఆ పద్ధతిని కఫాలా అంటారు. నివాసపు కార్డుకు సౌదీలో ఇఖామా అని పేరు. పని ఒప్పందం, నివాస హక్కు రెండూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి. పని మానేస్తే నివాసమూ పోతుంది. చెప్పకుండా వెళ్ళిపోతే పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేయవచ్చు. అలా కాగితాల్లేకుండా మిగిలిపోయినవాడిని మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. అతనికి రావలసిన జీతం బాకీ చట్టప్రకారం అలాగే ఉంటుంది. కానీ అడగడానికి ఆఫీసు మెట్లెక్కితే ముందు అతన్నే పట్టుకుంటారు.

దీనికి చెల్లెలు లాంటిది ఆజాద్ వీసా. ఎవరో కఫీల్ పేరుమీద వీసా కొనుక్కుని, మరెక్కడో పని చేసుకోవడం. అలాంటి వీసా ఏ గల్ఫ్ చట్టంలోనూ లేదు. పర్మిట్‌లో పేరున్న యజమాని దగ్గర కాక వేరేచోట పనిచేస్తూ దొరికితే, ఆజాద్ అన్న మాటకు అర్థం అక్కడితో సరి.

ఈ పదిహేనేళ్ళలో గల్ఫ్ చట్టాలు చాలానే మారాయి. మనవాళ్ళలో ఎక్కువమంది ఇంకా పాత కథలే నమ్ముతున్నారు. ఖతార్ 2020లో, యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండా ఉద్యోగం మారవచ్చంది. 2021 మార్చి నుంచి నెలకు కనీస వేతనం 1,000 రియాళ్ళు, యజమాని ఇవ్వకపోతే వసతికి 500, తిండికి 300 అదనం. సౌదీ 2021 మార్చిలో కొన్ని షరతుల మీద ఉద్యోగం మారే వీలు కల్పించింది. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఏడాది పనిచేసినవాడికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఉద్యోగం వదిలేటప్పుడు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ. కార్మికుణ్ణి తెచ్చుకునే ఖర్చు యజమానిదే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు.

గ్రాట్యుటీ లెక్క మూలవేతనం మీద అని గమనించాలి. ఇక్కడ ఏజెంటు చెప్పే జీతం ఓవర్‌టైము, అలవెన్సులు అన్నీ కలిపిన అంకె. ఒప్పందంలో మూలవేతనం గడి విడిగా ఉంటుంది. పదేళ్ళ తర్వాత చేతికొచ్చే సొమ్ము ఆ గడిని బట్టే ఉంటుంది.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఈ కార్మిక చట్టాలు చాలాచోట్ల వర్తించవు, వేరే చట్టాలున్నాయి. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటల గరిష్ఠ పని, వారానికొక సెలవు, ఏడాదికి నెల సెలవు ఇచ్చింది. కనీస జీతం 60 దీనార్లు. ఇది కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు ఎక్కువ అవసరపడే చట్టం. ఉత్తరాంధ్ర నుంచి పోయేది ఎక్కువగా మగవాళ్ళే, అదీ నిర్మాణం, నూనె కంపెనీల పనులకు. ఇంటిపనికి ఈ దేశాలకు వెళ్ళే ఈసీఆర్ పాస్‌పోర్టు మహిళకు 30 ఏళ్ళు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. ఆమెను పంపే పని ప్రభుత్వ సంస్థలదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓమ్‌క్యాప్.

పాస్‌పోర్టు, భాష, గసగసాలు

దిగగానే కంపెనీవాడు పాస్‌పోర్టు అడిగి తీసుకుని లాకరులో పెట్టడం గల్ఫ్‌లో పాత అలవాటు. యూఏఈ, కువైట్ చట్టాలు దాన్ని నిషేధించాయి. మన 1967 పాస్‌పోర్టుల చట్టం ఇంకో మాట చెబుతుంది. పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తే. అంటే దాన్ని దాచిన కంపెనీ దాచింది కార్మికుడి వస్తువును కాదు, ఒక దేశపు ఆస్తిని. ఈ ఒక్క వాక్యం తెలిసిన మనిషి మేనేజరుతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

యూఏఈలో 2016 నుంచి ఉద్యోగపు ఆఫర్‌ను అరబిక్, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలోనూ ఇవ్వాలి. అందుకు పెట్టిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం ఉన్నాయి. తెలుగు లేదు. కవిటి కుర్రాడు హిందీ ప్రతి ఎంచుకుని, పక్క మంచం మనిషిచేత చదివించుకుని సంతకం పెడతాడు. గల్ఫ్‌లో ఇంతమంది తెలుగువాళ్ళుండి ఈ ఒక్క భాష చేర్పించుకోలేకపోవడం మన ప్రభుత్వాల వైఫల్యమే.

ఇక నేరాల సంగతి. ఇక్కడ మామూలనుకున్నవి అక్కడ కేసులవుతాయి. ప్రయాణానికి ముందురోజు రాత్రి సంచి సర్దేటప్పుడు అమ్మ కోడికూర మసాలాలోకని గసగసాల పొట్లం పెడుతుంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. యూఏఈ, సౌదీ వంటి దేశాల్లో అవి నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నాయి. నడుము నొప్పికి మందులషాపువాడు ఇచ్చే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడనివి. పక్కవీధి వాళ్ళు తమ అబ్బాయికి ఇమ్మని ఇచ్చిన మూటను విప్పి చూడకుండా సంచిలో వేసుకోకూడదు. మొహమాటానికి విలువ విమానాశ్రయం వరకే. ఎవరి సంచిలో దొరికితే వాళ్ళదే నేరం.

యూఏఈలో వాట్సాప్‌లో తిట్టినా సైబర్ నేరం. ఊళ్ళో అమ్మవారి పండక్కనో, చనిపోయిన తోటివాడి కుటుంబానికనో గదుల వెంట తిరిగి చందాలు పోగుచేయడమూ అక్కడ లైసెన్సు లేనిదే నేరం. మంచి పనే కదా అన్నది చట్టం దగ్గర సమాధానం కాదు. యూఏఈ, సౌదీల్లో కార్మిక సంఘాలకు చోటు లేదు. జీతాలు రాలేదని పని ఆపేసి గేటు దగ్గర కూర్చోవడం ఇక్కడ మామూలే, అక్కడ దేశం నుంచి పంపించేయడానికి కారణం. జీతం రాకపోతే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయాలి. యూఏఈలో దానికి రుసుము లేదు. లక్ష దిర్హాములు మించని కార్మిక దావాలకు కోర్టు ఫీజూ లేదు.

చట్టం ఎంత తెలిసినా ప్రమాదాలు తప్పవు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. 45 మంది భారతీయుల మృతదేహాలు రెండు రోజుల తర్వాత కొచ్చి చేరాయి. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు, అందులో ఒకరు శ్రీకాకుళం జిల్లా మనిషి.

కరాచీ జైలు

శ్రీకాకుళానికి సుమారు 193 కిలోమీటర్ల తీరముంది. పెద్ద బోట్లు ఆగే చేపల హార్బరు మాత్రం లేక, మత్స్యకారులు తరతరాలుగా గుజరాత్‌లోని వెరావల్ పోయి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడుతున్నారు. బోటు నడిపే పెద్దను తండేలు అంటారు. 2018 నవంబరులో అలా వేటకెళ్ళిన 22 మందిని పాకిస్తాన్ తీరరక్షక దళం పట్టుకుంది. వాళ్ళను కరాచీ జైల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు. చాలామందిది ఎచ్చెర్ల మండలంలోని మత్స్యలేశం ప్రాంతం. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. మిగతా ఇద్దరూ తర్వాత వచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకు ఈ ఘటనే ఆధారం.

వీళ్ళు పరదేశంలో ఉందామని వెళ్ళినవాళ్ళు కాదు. గుజరాత్‌కు కూలికి పోయి, నీళ్ళ మీద గీత కనిపించక విదేశీ ఖైదీలయ్యారు. ఆ సముద్రంలో సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల సరిహద్దు ఇంకా తేలనే లేదు. 1982 సముద్ర చట్టపు ఒడంబడిక 73వ అధికరణం, వేరే ఒప్పందం లేకపోతే, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట ఉల్లంఘనలకు జైలు శిక్ష వేయకూడదంటుంది. రెండు దేశాలూ దానికి ఒప్పుకున్నవే. అయినా అటువాళ్ళు మనవాళ్ళనూ, మనం అటువాళ్ళనూ జైల్లో పెడుతూనే ఉన్నాం. భారత మత్స్యకారుల మీద అక్కడ సాధారణంగా పెట్టేవి చేపలవేట చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం. ఆ రెండోది ఢిల్లీలో బ్రిటిషువాళ్ళు రాసింది. విభజనలో దేశం రెండైనా, 2025 దాకా రెండుచోట్లా చట్టం ఒక్కటే ఉండిపోయింది.

ఇలాంటివాళ్ళకు దక్కే మొదటి హక్కు తమ దేశపు రాయబార కార్యాలయంతో మాట్లాడటం. 1963 వియన్నా ఒడంబడిక 36వ అధికరణం దీన్ని, ఒప్పుకున్న అన్ని దేశాల్లోనూ ఇచ్చింది. గల్ఫ్‌లో అరెస్టయినవాడికీ ఇదే వర్తిస్తుంది. భారత్, పాకిస్తాన్‌లు 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం అరెస్టయిన మూడు నెలల్లో కాన్సులర్ అధికారిని కలవనివ్వాలి. ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మత్స్యలేశం వంటి ఊళ్ళకు ఆ రెండు తేదీలు పండగల్లా గుర్తుంటాయి. అవి పండగలు మాత్రం కావు.

శ్రీకాకుళంలో విదేశీయుడు

ఎదురు దిశలో చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. 1946 చట్టాన్నీ, మరి మూడు పాత చట్టాలనూ తీసేసి తెచ్చిన వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో అమల్లో ఉంది. 180 రోజులు మించిన వీసాతో వచ్చిన విదేశీయుడు 14 రోజుల్లో రిజిస్టరు చేసుకోవాలి. జిల్లాలో ఆ అధికారి ఎస్పీ. లాడ్జీలు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు తమ దగ్గరున్న విదేశీయుల వివరాలు తెలపాలి. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు మనుషులందరికీ వర్తిస్తాయి. 19వ అధికరణం స్వేచ్ఛలు పౌరులకే.

నిజానికి ఈ జిల్లాల్లో ఎక్కువగా కనిపించే విదేశీయుడు రాజాంలోనో, బొబ్బిలిలోనో పుట్టి అమెరికా పౌరుడై వచ్చినవాడే. ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇల్లు కొనుక్కోవచ్చు. పొలం కొనకూడదు. నాన్న పొలం వారసత్వంగా మాత్రం తీసుకోవచ్చు. మన్యంలో భూమి కొనాలనుకుంటే వేరే సంగతి. 1959 భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణతో కలిపి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడెవరికీ భూమి బదలాయించనివ్వవు. సీతంపేట కొండల దగ్గర అమెరికావాడూ, రాజాంలోనే ఉండిపోయిన అతని తమ్ముడూ చట్టం ముందు ఒక్కటే.

ఎవరికి చెప్పుకోవాలి

విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్‌లో జీతం బాకీ, జైలు, మృతదేహం రప్పించడం వంటి ఫిర్యాదులు తీసుకుంటారు. 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయాలు బాధితుల వసతికి, టికెట్లకు, న్యాయవాది ఖర్చుకు సాయం చేస్తాయి. దుబాయి, రియాద్, జెడ్డాల్లో ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రాలున్నాయి. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఏజెంటు మీద కేసు మాత్రం ఊరి పోలీసు స్టేషన్లోనే. మనుషుల అక్రమ రవాణా బాధితులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

వీళ్ళందరూ మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు, వీసా కాపీ, ఒప్పందం. ఆ సమయానికి అవి మనిషితో పాటు అక్కడెక్కడో ఉంటాయి. మదద్‌లో ఫిర్యాదు ఇంటివాళ్ళు కూడా పెట్టవచ్చు. వెళ్ళేవాళ్ళు ఆ మూడింటి జిరాక్సులూ, ఏజెంటు ఇచ్చిన రశీదూ ఇంట్లో ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చెప్పి బయల్దేరాలి.